తొంభై దాటే వంశం

పెళ్ళీడు పిల్ల ఉన్న తల్లికి, వంశం గురించి ఆరా తీసిన ప్రతి మనిషీ పెళ్ళిళ్ళ మధ్యవర్తిలాగే కనిపిస్తాడు.

సుందరమ్మకీ ఆ రోజు ఒకాయన అలాగే కనిపించారు.

అమలాపురంలో ఆసుపత్రి వరండా. లోపల ఆమె భర్త దేవసహాయం మాస్టారు కుడివైపు పొత్తికడుపు పట్టుకుని మూలుగుతున్నారు. అపెండిక్స్ అన్నారు, కాసేపట్లో ఆపరేషన్.

తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"మాస్టారి తాలూకా అండీ?"

"ఆయ్. మా ఆయనేనండి."

"వయసెంతుంటుందండి?"

"యాభై రెండండి."

"ఈమధ్య బాగా చిక్కేరేమో?"

సుందరమ్మ చీర సర్దుకుంది. పెద్దమ్మాయి సువర్ణ టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసిన దగ్గర్నుంచీ ఇలాంటివాళ్ళు బస్సులో కూడా తగులుతున్నారు.

"లేదండి. వాళ్ళింట్లో అందరిదీ సన్నటి ఒళ్ళేనండి."

"వాళ్ళ నాన్నగారు ఏ జబ్బుతో పోయేరండి?"

ఎంత ముందుచూపో, అనుకుంది సుందరమ్మ. నిజానికి మావగారూ, బావగారూ ఇద్దరూ యాభై నిండకుండానే కడుపులో గడ్డతో పోయినవాళ్ళే. ఆ మాట బయటికొస్తే సువర్ణకి సంబంధం కుదిరినట్టే.

"జబ్బేంటండీ? తొంభై దాటేక నిద్రలో పోయేరండి."

"మాస్టారికి అన్నదమ్ములో?"

"ఒక్క అన్నగారండి. ఆయనా తొంభై దాటేకే పోయేరండి."

"మాస్టారికి యాభై రెండన్నారు కదండీ?"

సుందరమ్మ మళ్ళీ చీర సర్దుకుంది.

"వాళ్ళ వంశమే అంతండి."

పెద్దాయన మీసాల్లో నవ్వుకుంటూ లేచారు.

"అమ్మాయి ఫోటో ఇంటి దగ్గరుందండి. మలికిపురం మా ఇంటికి ఎప్పుడొస్తారు?" అని వెనకనుంచి అడిగింది.

"ముందు మాస్టార్ని కోలుకోనివ్వండి" అంటూ వెళ్ళిపోయారు.

అరగంటన్న ఆపరేషన్ మధ్యాహ్నం దాటినా అవలేదు. సుందరమ్మకి ప్రార్థనలో చెప్పుకోడానికి మాటలు కూడా అయిపోయాయి.

చివరికి ఆసుపత్రి డాక్టరు శ్రీరామచంద్రమూర్తిగారు బయటికొచ్చారు.

"అపెండిక్స్ కాదమ్మా. దాని పక్కనే పెద్దపేగులో కేన్సర్ గడ్డ. పెద్ద వయసువాళ్ళలో ఒక్కోసారి అచ్చం అపెండిక్స్‌లాగే మోసం చేస్తుంది."

"కేన్సరాండీ?" అంది సుందరమ్మ.

"భయపడకండి. ఇంకా పాకలేదు, మొత్తం తీసేశాం. కాకినాడ నుంచి పిలిపించిన సర్జన్‌గారు చిన్న కోతతో సరిపెట్టొద్దని పట్టుబట్టేరు కాబట్టి దొరికింది."

సుందరమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టుకోవాలని తలుపు దగ్గరికి పరుగెత్తింది.

తలుపు తెరుచుకుంది. ముఖానికున్న గుడ్డ కిందికి లాక్కుంటూ పొద్దుటి తెల్లపంచె పెద్దాయనే బయటికొచ్చి అడిగారు: "మీ తొంభై దాటిన బావగారి దగ్గరే నాకు అనుమానమొచ్చిందండి, సంబంధం సంగతి తరవాత చూద్దాం గానీ, మీ పిల్లల ఆరోగ్యం కోసమైనా ఇప్పుడు నిజం చెప్పండి, మీ మావగారు దేంతో పోయేరు?"