మరిగిన చేపలు

ఈరోజు కూడా రహంతుల్లా గాలానికే బొచ్చె చేప పడింది. అదే చెరువులో ఎర్రన్నకు మాత్రం ఎండ్రకాయ కూడా తగల్లేదు.

తూము దగ్గరికి మారాడు, నీళ్లు పొర్లే మరవ దగ్గరికి మారాడు. వానపాములు గుచ్చాడు, కోడిపేగులు గుచ్చాడు. చివరికి అక్కసు ఆపుకోలేక, రహంతుల్లా కూర్చునే బండ దగ్గరికే వచ్చేశాడు.

"ఏం మందు పెడ్తాండావప్పా చేపలకు?"

"మందేందన్నా! సంగటి ముద్ద."

"సంగటికి బొచ్చె పడ్తాదా? నా చెవిలో పూలు పెడ్తాండావా?"

"ఈ బండ కాడైతే పడ్తాది. రోజూ మధ్యాన్నం దాబాకు పోతా పోతా, వదిన కట్టిచ్చిన క్యారియర్ నువ్వు కుమ్మరించేది ఈడే కదా! ఆ రుచి మరిగినాయి. ఇంగ వేరే ఎర ముట్టవు."

ఎర్రన్న దగ్గర ఇవాళ్టి క్యారియర్ ఇంకా నిండుగానే ఉంది. మూత తీసి ముద్ద తుంచాడు. గాలానికి గుచ్చబోయి, ఎందుకో నోట్లో పెట్టుకున్నాడు. తర్వాతి ముద్దకు చెనిక్కాయల ఊరిబిండి నంజుకున్నాడు. క్యారియర్ ఖాళీ అయిందాకా తల ఎత్తలేదు.

ఇన్నాళ్లూ రహంతుల్లాను చూసి కుళ్లుకున్నవాడికి, ఇప్పుడు నీళ్లలోని చేపలను చూస్తే కడుపు మండింది.