తలుపుల బండి

“ఈ బండి ఉంటే ఇద్దరెందుకండీ? ఒక్కరు చాలు,” అంది సైట్ ఇంజనీర్ స్ఫూర్తి. “ఇవాళ దీంతో ఒక తలుపు బిగించి చూపించండి. వర్కవుట్ అయితే రేపట్నుంచి ఇక్కడ ఒక్కరికే పని.”

శామ్సన్ ఆ బండి వంక చూశాడు. రెండు చక్రాలు. తలుపు అడుగును ఇరికించి పట్టుకునే ఇనుప దవడ. కాలితో తొక్కితే తలుపును పైకి లేపే పెడల్. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఓ సినిమా నిర్మాత కట్టుకుంటున్న మూడంతస్తుల ఇల్లది. బిగించాల్సిన తలుపులు ఇంకా బోలెడున్నాయి. మెట్లెక్కి వచ్చినందుకే శామ్సన్ నడుం పీకుతోంది. ఇంకో రోజయితే ఆ బండికి దండం పెట్టేవాడే.

కానీ ఇద్దరిలో ఒకరు చాలంటే పోయేది ఎవరో వేరే చెప్పాలా? మరలు బిగించేది శామ్సన్. తలుపు ఎత్తి పట్టుకునేది వేంకటరమణ. పట్టుకునే పని బండి చేసేస్తే, పట్టుకునే మనిషితో పనేముంది? అరవైకి దగ్గరపడ్డ వాణ్ణి ఈ జూబ్లీహిల్స్‌లో ఏ మేస్త్రీ పిలిచి పనిస్తాడు? తలుచుకుంటేనే శామ్సన్ గుండె బరువెక్కింది.

అందుకని ఓ నిశ్చయానికి వచ్చాడు. ఈ బండి పనికిరాదని తేలాలి. అది తేల్చాల్సింది తనే.

అంతలో వేంకటరమణ కిందినుంచి పనిముట్ల సంచీ మోసుకొచ్చాడు. ఇక్కడ జరిగిన మాట ఆయన చెవిన పడలేదు. బండిని చూడగానే మొహం చాటంత అయింది.

“అరె, గిదేంది శామ్సనూ? మస్తుగుంది గదరా!”

“ఏం మస్తు బాబాయ్, పనికిమాలిన బండి,” అంటూ శామ్సన్ కన్ను గీటాడు. మేడమ్ పక్కనే నిలబడి ఉంటే అంతకన్నా ఏం చెప్పగలడు?

“కంట్ల ఏమన్న పడ్డదా బిడ్డా?”

శామ్సన్ నిట్టూర్చి పనిలో దిగాడు. తలుపును దవడలో కావాలనే వదులుగా పెట్టాడు. నెట్టీనెట్టగానే టేకు తలుపు పక్కకు ఒరిగింది.

“చూశారాండీ? రెండోమనిషి లేకపోతే...”

మాట పూర్తయ్యేలోపే వేంకటరమణ తలుపును నిలబెట్టి, దవడ మరను రెండు చుట్లు తిప్పేశాడు. “జర గట్టిగ బిగియ్యాలె, గంతే.” తలుపు బొమ్మలా నిలబడింది.

శామ్సన్ ఈసారి బండిని టైల్స్ వెయ్యని చోటికి పోనిచ్చాడు. చక్రం గుంతలో దిగబడింది. “ఇహ ఇది కదలదు మేడమ్,” అన్నాడు నీరసంగా. వేంకటరమణ ఎక్కణ్ణుంచో ప్లైవుడ్ ముక్క పట్టుకొచ్చి చక్రం కింద దూర్చాడు. ఒక్క చేత్తో నెట్టేసరికి బండి గుమ్మం దాకా పోయింది.

“ఫికర్ చెయ్యకు. నేనున్న గద!”

ఉన్నావనేగా నా ఏడుపు, అనుకున్నాడు శామ్సన్. తన గొయ్యి తానే తవ్వుకుంటున్న మనిషిని ఆపడం కన్నా తలుపులు వీపున మొయ్యడమే తేలికనిపించింది.

“బాబాయ్, నువ్వు కాసేపు కిందికెళ్లి టీ తాగిరా.”

“నువ్వు గింత కష్టపడుతుంటె నాకు చాయ్ గొంతు దిగుతదా?”

ఆ మాటకు శామ్సన్‌కు కోపమూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఇలాంటి మనిషిని రోడ్డున పడనిస్తే తనను ప్రభువు కూడా క్షమించడు. పళ్లు బిగించి పెడల్ దబదబా తొక్కాడు. తలుపు పైకి లేచి గుమ్మానికి ధన్‌మని కొట్టుకుంది. స్ఫూర్తి ఫోన్‌లోంచి తలెత్తింది.

“అయ్యో, డోర్ పాడైపోతుందండీ!”

“జరుగు జరుగు,” అంటూ వేంకటరమణ కాలి బొటనవేలితో పెడల్‌ను మెల్లగా పైకెత్తాడు. తలుపు వెంట్రుకవాసి కిందికి దిగింది. మడతబందులు గుమ్మం మీది గాడుల్లో ఇట్టే కూర్చున్నాయి.

శామ్సన్ చేతిలో ఇక మిగిలింది మరలే. మొదటి మరను కింద పడేశాడు. రెండోదాన్ని వంకరగా దించాడు. వేంకటరమణ అతని చేతిలోంచి డ్రిల్లు లాక్కున్నాడు.

“పొద్దుగాల సంది అలిసిపోయినవ్. నేను జేస్త తియ్యి.”

ఇన్నేళ్లుగా తలుపు పట్టుకుని పక్కన నిలబడి చూసిన పనే. వంకరపోయిన మరను పీకి, అన్నీ వరసగా బిగించేశాడు. తర్వాత బండిని వెనక్కి లాగి, ఒక్క వేలితో తలుపు తోశాడు. చప్పుడు లేకుండా మూసుకుంది.

శామ్సన్ గోడకు జారగిలబడ్డాడు. ఒంట్లో ఓపిక అయిపోయింది. అబద్ధాలూ అయిపోయాయి. ఇక మిగిలింది బతిమాలుకోవడమే. లేచి స్ఫూర్తి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

“మేడమ్, ఒక్క మాటండి. ఆయన పెద్దాయన. ఈ వయసులో మీరు పంపించేస్తే ఇంకెక్కడా పని దొరకదు. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆయన్ని మాత్రం తీసెయ్యకండి.”

స్ఫూర్తి ఆశ్చర్యపోయింది. “ఆయన్ని తీసేస్తామని నేనెప్పుడన్నాను?”

శామ్సన్‌కు ప్రాణం లేచివచ్చింది. దేవునికి స్తోత్రం అనుకున్నాడు. పొద్దున్నుంచి మోస్తున్న బరువంతా ఒక్కసారి దిగిపోయింది.

“మీ మేలు మర్చిపోనండి. మరి రేపు ఎన్నింటికి రమ్మంటారు?”

“ఆయన్ని తొమ్మిదికి రమ్మనండి. బండి మీకు చేతకాలేదు కదా, మీరిక రానక్కర్లేదు.”