ముసలిది మళ్ళీ ఆగింది

"నిన్న మళ్ళీ ఆగిపోయిందయ్యా నీ ముసలిది," అంది వదిన, లాప్‌టాప్‌ని మరిది ముందుకు తోస్తూ. "దీంతో పదమూడు."

దాన్ని ఆవిడకి అంటగట్టింది అతనే. ఏదో ఆఫీసు మూసేస్తూ వదిలించుకున్న ఎనిమిదేళ్ళ సరుకు. దుమ్ము దులిపి, కీబోర్డు మార్చి, ఇంకో నాలుగేళ్ళకి ఢోకా లేదని చెప్పి చేతిలో పెట్టాడు.

వదిన స్కూలు బస్సు నడుపుతుంది. పద్దెనిమిదేళ్ళలో బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఈ ఏడు స్కూలువాళ్ళు కొత్త రూలు పెట్టారు. డ్రైవర్లందరూ కంప్యూటర్‌లో పన్నెండు భద్రతా పాఠాలు పూర్తిచేయాలి. రెండు నిమిషాలకో ప్రశ్న వస్తుంది, జవాబు నొక్కితేనే పాఠం కదులుతుంది. మధ్యలో ఆగితే ఆ పాఠం మళ్ళీ మొదటికే. శుక్రవారంలోగా పూర్తికాకపోతే బస్సు తాళాలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇవాళ గురువారం, వదిన ఇంకా ఏడో పాఠం దగ్గరే ఉంది. అన్నయ్య పోయాక ఆ ఇల్లు నడిచేది ఆ బస్సు మీదే.

బస్సులో ఏ చిన్న చప్పుడొచ్చినా తేదీ, టైము వేసి పుస్తకంలో రాయడం ఆవిడ అలవాటు. లాప్‌టాప్‌కీ ఒక పుస్తకం పెట్టింది. సోమవారం, పదకొండు నలభై, నాలుగో పాఠం, ఆగింది. మంగళవారం, పన్నెండు పది, అదే పాఠం, ఆగింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు.

"ఆగేముందు చప్పుడేమైనా వస్తోందా?" అడిగాడు మరిది.

"లేదు."

"వేడెక్కుతోందా?"

"చల్లగానే ఉంటుంది."

"తెర మీద ఏమైనా రాతలు?"

"ఏమీ ఉండవు. చూస్తూనే ఉంటాను. రెప్ప వేసి తెరిచేలోపు నల్లగా అయిపోతుంది. మీట నొక్కితే మళ్ళీ లేస్తుంది, పాఠం మాత్రం మొదటికి పోతుంది."

మరిదికి తల ప్రాణం తోకకొచ్చింది. ఫ్యాను మార్చాడు. మెమరీ మార్చాడు. లోపలున్నదంతా ఉన్నదున్నట్టు ఎక్కించి డిస్కు మార్చాడు. బ్యాటరీ కొత్తది వేశాడు. తన రిపేరు కొట్లో ఒక పూటంతా తనే కూర్చుని ఆ పాఠాలే నడిపి చూశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"నీ దగ్గర బుద్ధిగా ఉంటుంది. దాని వేషాలన్నీ నా దగ్గరే," అంది వదిన. "కొంపదీసి నేనే ఆడలేక మద్దెల ఓడంటున్నానా?"

"అదేం మాట వదినా. మద్దెల అంటగట్టింది నేను కదా."

ఇక మార్చనిది చార్జర్ ఒక్కటే. మరిది వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాడు. వేడి గ్లాసు వదిన చేతికందేలా బల్ల మీద ఉంచి, ఆవిడ పాఠం మొదలుపెట్టడం చూసి, కొట్టుకి బయలుదేరాడు. తీరా అక్కడ సరిపోయే చార్జర్ లేదు. రెండు వీధులు తిరిగి, తెలిసినవాణ్ణి బతిమాలి తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

వచ్చేసరికి వదిన అదే కుర్చీలో ఉంది. తెర నల్లగా ఉంది.

"ఇంత తొందరగా వచ్చేశావే," అంది.

ఎత్తిపొడుపే అనుకుని మరిది తలవంచుకున్నాడు. చార్జర్ కోసం ముప్పావుగంట తిరిగినవాణ్ణి ఎవరైనా అలాగే అంటారు.

"నువ్వు గుమ్మం దాటావో లేదో, ఆగి కూర్చుంది. పద్నాలుగు," అంటూ వదిన పుస్తకం దగ్గరికి లాక్కుంది.

గ్లాసులో టీ చల్లారి, పైన మీగడ కట్టింది.

"టీ తాగలేదేం?"

"నువ్వు పెట్టిన టీ కదా. ధైర్యం చాల్లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. వదిన టైము రాయడానికి గోడ గడియారం వైపు చూసి కనుబొమలు ముడిచింది. "రెండున్నరా? ఇది కూడా నువ్వు బాగుచేసిందేనా ఏంటి?"

"గడియారం జోలికి నేను పోలేదు వదినా."

ఆవిడ గబగబా లేచి తాళాలు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. మొహంలో నవ్వు లేదు. "నీ మీదే భారం బాబూ. రేపు ఆ తాళాలు చేజారితే నాకు ఇంకో పని రాదు."

ఆ మాట మరిదికి ముల్లులా గుచ్చుకుంది. బయట బస్సు ఇంజను చప్పుడు మొదలైంది.

ఏ యంత్రమైనా చెయ్యి పెట్టి చూస్తే చెప్పేస్తుందని అతని నమ్మకం. లాప్‌టాప్ లోపల దానంతటది రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. కొట్టు పెట్టిన నాటి నుంచీ అతను దాన్ని తెరిచింది లేదు. అది చదివి బాగుచేయడం చేతకానివాళ్ళ పని అనేవాడు. ఇవాళ ఆ పంతం పక్కన పెట్టాడు. చిట్టా తెరిచి, పక్కన వదిన పుస్తకం పెట్టుకుని, ఒక్కో తేదీ కిందా వేలు పెట్టి చదివాడు.

ఐదో వరుస దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చివరిదాకా చదివాడు.

కుర్చీ వెనక్కి పడిపోతున్నా చూసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. బస్సు అప్పటికే మలుపు తిరిగింది. ఫోను చేశాడు. అది మోగుతూనే ఉంది, బస్సు నడిపేటప్పుడు వదిన ఫోను ఎత్తదు. పావుగంటలో ముప్పై ఒక్క మంది పిల్లలు ఆ బస్సెక్కుతారు.

లాప్‌టాప్ ఒక్కసారి కూడా చెడిపోలేదు. పాత ఆఫీసువాళ్ళు పెట్టిన రూలు ప్రకారం, తన ముందు కూర్చున్న మనిషి ఇరవై నిమిషాలపాటు వేలైనా కదపకపోయేసరికి, ఎవరూ లేరనుకుని పద్నాలుగు సార్లూ దానంతటది ఆగిపోయింది.