రాజావారి ఆఖరి సీను

"రాజు వేషానికి ఈ చుట్టుపక్కల మీరొక్కరే తగుదురు" అని మద్రాసు డైరెక్టరు అనగానే నరసింహం అయ్యవారు పొంగిపోయాడు.

ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఎదురొస్తే జనం ఆగి దండం పెట్టేవాళ్లు. ఆ గౌరవం చూసుకునే పంచాయతీ ప్రెసిడెంటు పదవికి నారాయణరెడ్డి మీద నిలబడ్డాడు. గెలుపు ఖాయమనుకున్నారు అందరూ. నారాయణరెడ్డి కూడా ఆశ వదులుకున్నట్టు పులివెందులకు పెళ్లికి పోయాడు. సినిమావాళ్లు దిగింది ఆ వారంలోనే.

కథ చిన్నది. గండికోటలో దయ్యాలుంటాయి. రాజు వస్తాడు, దయ్యాలు ఏడిపిస్తాయి. ఆఖరి సీనులో రాజు వాటిని తరిమేసి సింహాసనమెక్కుతాడు. ఎన్నికకు ముందే జమ్మలమడుగు డేరా టాకీసులో ఆడిస్తామన్నారు.

కోట ముందు ఊరంతా చేరింది. నల్లగుడ్డ కప్పిన కెమెరా వచ్చింది. ఒళ్లంతా సున్నం పూసుకుని నాలుగు దయ్యాలు వచ్చాయి.

మొదటి దయ్యం కిరీటం ఎగరగొట్టింది. రెండోది పంచె లాగింది. మూడోది ఎత్తి పేడనీళ్ల తొట్లో వేసింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. డైరెక్టరుకు తృప్తి లేదు. "ఇంకో టేకు" అన్నాడు. అలా ఆరు టేకులు.

నాలుగో దయ్యం చెయ్యెత్తి, చెవిలో గొణిగింది.

"తప్పనుకోవద్దు అయ్యోరా."

సినిమావాళ్లకు ఎంత మర్యాదో అని అయ్యవారు మురిసిపోయాడు. మరుక్షణం పన్ను ఊడింది.

భార్య మీనాక్షమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "చాలు, ఇంటికి పోదాం రాండి. అందరూ నవ్వుతాండారు."

"నవ్వనీలే. ఆఖరి సీను చూసినాక నోర్లు మూస్తారు."

ఎండ తగ్గింది, ఆఖరి సీను రేపు తీద్దామని డైరెక్టరు కెమెరా ఎత్తించుకుని పోయాడు. మర్నాడు ఎవరూ రాలేదు.

ఓట్లడగబోతే ప్రతి వాకిట్లోనూ నవ్వులే. "రాజావారూ, పంచె జాగ్రత్త" అన్నారు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే, సిగ్గు లేకుండా. పిచ్చి అయ్యవారికి కోపం కూడా రాలేదు. రోజూ జమ్మలమడుగు పోయి, బొమ్మ ఎప్పుడొస్తుందని డేరావాళ్లను అడిగి వచ్చేవాడు. బొమ్మ రాలేదు, ఎన్నిక వచ్చింది. ఆయనకు పదకొండు ఓట్లు పడ్డాయి.

"ఆ ఆఖరి సీను ఒక్కటి తీసుంటేనా..." అన్నాడు మీనాక్షమ్మతో.

సరిగ్గా అప్పుడే నారాయణరెడ్డి వాకిట్లో డైరెక్టరు నల్లగుడ్డ తీసి, కెమెరా మూత తెరిచి, బరువు కోసం లోపల పోసిన శనక్కాయలు నాలుగు దయ్యాలకూ తలా దోసెడు పంచుతున్నాడు.