పిన్నికి మూడు అర్థాలు

"ఇదేంటండీ కత్తెరగారూ, పిన్ని ముచ్చటగా మూడుసార్లుంది?" మేడమ్ తెర మీద వేలుపెట్టి చూపించింది.

కంప్యూటర్ కోసం నిఘంటువు తయారుచేసే ఆఫీసది. దండగ మాటల్ని కత్తిరించడం అతని పని. అందుకే అందరూ కత్తెర అనే పిలుస్తారు.

"తల్లి చెల్లెలు పిన్ని, బాబాయి పెళ్ళాం పిన్ని, సవతి తల్లీ పిన్నే కదండీ."

"అయితే మాత్రం? ఒక్కటే ఉంచండి. ఏ పిన్నో చెప్పే చోటు ఖాళీగా వదిలేయండి. పక్కనున్న మాటల్ని బట్టి కంప్యూటరే తెలుసుకుంటుంది. అన్నీ మనమే మోయాలా?"

సరేనని డిలీట్ నొక్కబోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు ఈడ్చుకుంటున్న చప్పుడైంది. తలెత్తకుండానే ఎవరో తెలిసిపోయింది. చెవులు వేడెక్కాయి.

ముసలావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. వెలిసిపోయిన చీర, చేతిలో గుడ్డసంచి.

గబగబా వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. "ఇక్కడికెందుకొచ్చావు పిన్నీ?"

"ఇవాళే కదా నాయనా కంటి ఆపరేషన్. సొంతమనిషి పక్కనుంటే గానీ చెయ్యరట. నువ్వొస్తావేమోనని..."

"కుదరదని ఫోన్లో చెప్పాగా." గొంతు తగ్గించాడు. "పక్కింటావిణ్ణి తీసుకెళ్ళు."

"ఆవిడ సొంతమనిషెలా అవుతుందిరా?"

జవాబు చెప్పేలోగా మేడమ్ లేచి వచ్చేసింది.

"పిన్ని అనుకుంటున్నాం, పిన్నే దిగింది! రండి పిన్నిగారూ. ఇంతకీ మా మూడింట్లో మీరు ఏ పిన్ని? తల్లి చెల్లెలా, బాబాయి భార్యా?"

పక్క బల్లలవాళ్ళు కూడా తలలు తిప్పారు. అతనికి నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ముసలావిడ మసక కళ్ళతో అతని మొహం కోసం వెతికింది.

"వాళ్ళ బాబాయి పెళ్ళాన్నమ్మా," అంది.

హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్ళీ తల దించుకున్నాడు.

"మరి మీకు పిల్లల్లేరా? ఆపరేషన్ అంటే రావద్దూ?"

"ఒక్కడున్నాడు తల్లీ. వాడికి మొహమాటం ఎక్కువ."

"వాడి మొహమాటం తగలెయ్య!" అంది మేడమ్. అందరూ నవ్వారు. ముసలావిడా నవ్వింది. సంచి చంకలో పెట్టుకుని, ఒక్కో మెట్టునూ కాలితో తడుముకుంటూ దిగిపోయింది.

అతను వెనకాలే రెండడుగులు వేశాడు. అందరూ చూస్తున్నారు. ఆగిపోయాడు.

కుర్చీలోకొచ్చి పడి, పిన్ని కిందున్న మూడు అర్థాలనూ ఒక్కొక్కటే చెరిపేశాడు. పక్క మాటలే చెబుతాయట!

నాన్న పోయాక ఆవిడ బాబాయిని పెళ్ళాడితే, "మీ అమ్మ నీకు పిన్నయిందిరోయ్!" అని వీధి పిల్లలు గేలిచేసిన రోజునే అతను ఆవిణ్ణి అమ్మా అని పిలవడం మానేశాడు.