చివరి కుర్చీలో గురక

పాట రెండో చరణంలోకి వచ్చేసరికి గురక వినిపించింది.

గిటారక్క వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి.

గదిలోని వాళ్ళంతా వెనక్కి తిరిగారు. చివరి కుర్చీలో ఒకాయన గోడకు తల ఆనించి, నోరు కాస్త తెరిచి, ఒళ్ళు మరచి నిద్రపోతున్నాడు.

పక్కనున్న బస్సు డ్రైవరు ఆయన భుజం తట్టాడు.

"ఏం అన్నా, నా పాట అంత బోరు కొట్టిందా?" అడిగింది గిటారక్క.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, లేదమ్మా. చాలా హాయిగా ఉంది."

"మరి నిద్రపోతున్నారే?"

"హాయిగా ఉంటేనే కదమ్మా నిద్ర పట్టేది."

గది గొల్లుమంది. గిటారక్క కూడా నవ్వింది గానీ, లోపలెక్కడో చివుక్కుమంది.

ఆమె బాధ ఆమెది. ఏళ్ళ తరబడి హోటళ్ళలో పాడింది. పాట తనే రాసి, తనే బాణీ కట్టి, ప్రాణం పెట్టి పాడితే, ప్లేట్ల చప్పుళ్ళూ "ఇటు రెండు కాఫీ" అన్న కేకలే జవాబు.

విసిగిపోయి ఒకరోజు మానేసింది. సైకిల్ షాపు మేడ మీద ఖాళీగా పడి ఉన్న గది అడిగి తీసుకుంది.

"ఆదివారం మధ్యాహ్నం రండి. మైకుల్లేవు, స్పీకర్లు లేవు. మీ గొంతు, మీ వాయిద్యం, అంతే. ఒకరు పాడితే మిగతావాళ్ళు వినాలి," అని వీధి వీధీ తిరిగి చెప్పింది.

మొదటి ఆదివారం వచ్చింది ఒక్కడే.

ఈయనే. కాళ్ళకు చెప్పులైనా లేకుండా, నలిగిన చొక్కాతో.

ఆ ఒక్కడికే పాడింది. వెళుతూ వెళుతూ, "వచ్చే వారం కూడా ఉంటుందా అమ్మా?" అని అడిగాడు.

ఇక ఉండదని చెప్పబోయిన నోటితోనే "ఉంటుంది" అనేసింది.

తర్వాత ఒక్కొక్కరే చేరారు. బస్సు డ్రైవరు డప్పు తెచ్చుకున్నాడు. పళ్ళ డాక్టరు మౌతార్గాన్ తెచ్చాడు. ఒక అత్తా కోడలూ ఇంట్లో పడాల్సిన గొడవలన్నీ పాటలుగా కట్టుకొచ్చి ఇక్కడే తేల్చుకునేవాళ్ళు. చూస్తుండగానే ఆ గదిలో ఇసక వేస్తే రాలనంత జనం.

చివరి కుర్చీ మాత్రం ఆయనదే. ఒకటి రెండు పాటలు వినేవాడు. ఆపైన గురక. డాక్టరు దానికి మౌతార్గాన్‌తో శ్రుతి కలిపేవాడు.

కుంభకర్ణుడని పేరు పెట్టింది గిటారక్కే.

ఒక ఆదివారం రేడియో నుంచి ఒకావిడ వచ్చింది. గిటారక్క కొత్త పాట ఎత్తుకుంది. గొంతు బాగా తగ్గించి పాడాల్సిన చోట, గురక పెరిగింది. రేడియో ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

పాట అవగానే గిటారక్క ఆయన్ను తలుపు దాకా తీసుకెళ్ళింది.

"ఏమనుకోకండి అన్నా. నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకోవచ్చుగా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "నిజమేనమ్మా. తప్పు నాదే."

మళ్ళీ లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చుని వింటున్నాడని కోడలు ఒకసారి చెప్పింది. పిలవాలనుకుంది గిటారక్క. ఈ వారం, వచ్చే వారం అనుకుంటుండగానే మెట్లూ ఖాళీ అయ్యాయి.

రేడియోలో వాళ్ళ పాటలు వచ్చాయి. పక్క పేటల వాళ్ళు వచ్చి చూసి, తమ వీధుల్లోనూ ఇలాంటి గదులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. గిటారక్క కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, పాట మంచి ఊపులో ఉండగా, పక్క గదిలోంచి ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో లావుపాటి పుస్తకం.

"కొత్తగా అద్దెకు దిగానండి. పరీక్షలకు చదువుకుంటున్నా. మధ్యలో ఉన్నది గోడ కాదు, చెక్క. మీరు ఊపిరి పీల్చినా నాకు వినిపిస్తోంది. కాస్త సాయంత్రం పెట్టుకోకూడదా?"

గిటారక్క అందరి వంకా చూసింది. "అయిదింటికైతే?"

"నాకింకా మంచిది. డ్యూటీ దిగి నింపాదిగా వస్తా," అన్నాడు డ్రైవరు.

"చదువు అవగానే నువ్వూ రావాలి అమ్మాయ్," అంది అత్త.

"నాకు పాడటం రాదండి."

"మా కోడలికి మాత్రం వచ్చా ఏం? పాడట్లేదూ?"

అందరికంటే ముందు కోడలే నవ్వింది.

వేళ మారిన సంగతి చెప్పడానికి గిటారక్క కిందికి దిగింది. షాపు పెద్దాయన ఓ సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"ఇంతేనా? రెండు ముక్కల్లో తేలిపోయిందే," అన్నాడు. "ఇంతకు ముందు ఆ అమ్మాయి గదిలో ఉన్నవాడు నోరు విప్పితే ఒట్టు."

"ముందు కూడా ఎవరైనా ఉండేవారా?"

"లేకేం. బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పగలే నిద్ర. నువ్వొచ్చి అడిగినప్పుడు, వాడు కాదంటే గది ఇచ్చేవాణ్ణే కాదు. 'ఇచ్చెయ్ బాబాయ్, రాత్రంతా మిషన్ల రొదే కదా, ఇంటికొస్తే పాట వినిపిస్తుందంటే ఎవరికి చేదు' అన్నాడు. ఈమధ్యే పగటి డ్యూటీ దొరికిందని సంబరపడుతూ వేరే ఊరెళ్ళిపోయాడు."

"అంత మంచి మనిషిని ఒక్కసారైనా చూడలేకపోయానే."

పెద్దాయన చేతిలో పని ఆపి, ఆమె వంక వింతగా చూశాడు.

"చూడకపోవడమేంటమ్మా, ప్రతి ఆదివారం మీ చివరి కుర్చీలో కూర్చుని కునుకు తీసింది వాడేగా."