బోరు లోతు

మా బావిని ఎండగట్టింది ఓబుళేశు చిన్నాయన బోరేనా? నాన్న పోయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. "నాది మున్నూరు అడుగులేనప్పా, మీ బావి నీళ్లు లాగదు" అని ఆయన నాన్న మొహం మీదే అన్నాడు.

ఈ ఏడు రైతు సంఘం ఇచ్చే డ్రిప్పు పైపులకు దరఖాస్తులు తీసుకునే డేటాబేసు తయారుచేసింది నేనే. బోరు లోతు రాసే కాలమ్‌కు మూడు షరతులు కలిపి బిగించాను. ఖాళీగా వదలకూడదు, అంకె తప్ప రాయకూడదు, ఎనిమిది వందల అడుగులు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా చిన్నాయన జారిపోతాడు. మూడూ ఉంటే మాత్రం నిజం చెప్పి, పైపులు రాక చీనీ తోటను ఎండబెట్టుకోవాలి, లేదా ఆ పాత అబద్ధమే మళ్లీ చెప్పాలి.

నిన్న కమలాపురంలోని సంఘం ఆఫీసుకు వచ్చాడు.

"ఏం పాపా, నీ కంప్యూటరు నన్ను తోసేస్తాండాది?"

"లోతు ఎంతని కొట్టినావు చిన్నాయనా?"

"పదకొండు నూర్లు."

"మున్నూరని కొట్టు, తీసుకుంటాది" అన్నాను. నా గొంతులోని విషం నాకే వినిపించింది.

ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "ఆ అబద్ధం మీ నాయనకు ఒగసారి చెప్పినా. నీకు చెప్పలేను పాపా. తోట పోతే పోనీ."

ఎనిమిది వందలు దాటకూడదనే ఆ మూడో షరతు తీసెయ్యాలా, ఉంచాలా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.